అడుగు పొర

ఏటిగట్టు ఊళ్ళకు తిరిగే ఏటి బండి ముందద్దం మీద తడి గోనెపట్టా పరిచి, నాలుగు మూలలా అరచేత్తో అద్ది, అద్దాలక్క వెనక్కి జరిగి నిలబడింది. ముందు గోనె నానాలి, ఆ తరువాత గోనె కింద అద్దానికి అంటుకుని ఎండిన పురుగు నానాలి. తొందరపడి గోకితే అద్దానికి గీతలు పడతాయి. గీతలు పడితే ఎదురెండలో డ్రైవరు కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఈ పనికి ఓపికే సబ్బు, మిగిలిందంతా నీళ్ళు అనేది ఆమె.

తూర్పు తెల్లబడుతోంది. బస్సు డిపో వెనకవైపు గోడవారగా అరిగిపోయిన టైర్లు ఒకదాని మీద ఒకటి కుప్పలుగా పడి ఉన్నాయి. వాటికీ బస్సులు కడిగే గచ్చుకీ మధ్య సన్నని కాలువ, కాలువ పక్కన కుళాయి, కుళాయికి తగిలించిన ఆకుపచ్చ రబ్బరు గొట్టం. అద్దాలక్క రాజ్యమంతా అంతే. మనిషి పొట్టి. ముంజేతులు మాత్రం కుస్తీ పట్టేవాడివిలా ఉంటాయి. వేళ్ళ చివర్లు ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని ఎండుద్రాక్షల్లా ముడుచుకుపోయాయి. డిపో వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతుంది. చేతులు పైకి మడిచినప్పుడల్లా జారతాయి, మళ్ళీ మడుస్తుంది. కాళ్ళకు రెండు రంగుల చెప్పులు. జతలో ఒకటి తెగితే రెండోదాన్ని పారెయ్యడం ఆమెకు చేతకాదు.

ఆ పూట ఒళ్ళు తేలిగ్గా ఉంది. వారం మొదట్లో పట్టుకున్న జ్వరం తెల్లవారుజామున చెమటలు పోసి దిగిపోయింది. కళ్ళ వెనక పోటు తగ్గింది. కాకపోతే చేతులు చల్లగా, నీళ్ళకన్నా చల్లగా ఉన్నాయి. ముంజేతుల మీద ఎర్రటి చుక్కలు లేచాయి, సబ్బు పడలేదేమో అనుకుంది. పొద్దున పళ్ళు తోముకుంటే ఉమ్మిలో ఎరుపు కనిపించింది. దాని మీద చెంబెడు నీళ్ళు పోసి చూడనట్టు ఊరుకుంది. ఆమెకు కావలసింది జ్వరం దిగడం. మధ్యాహ్నం కొండ బండిలో కూతురి దగ్గరికి వెళ్ళాలి. కూతురికి రెండో కాన్పు, మగబిడ్డ. పుట్టి నెల దాటుతున్నా అమ్మమ్మ ఇంకా వాడి మొహం చూడలేదు.

బిడ్డ కోసం పాత మెత్తటి గుడ్డలు కలిపి కుట్టిన బొంత క్యాంటీన్‌లో మూటకట్టి ఉంది. కొండ మీద చలి కదా మరి. కూతురికి తీసుకెళ్ళే కానుక మాత్రం గేటు పక్కన గోడకు ఆనించి ఉంది. అది ఒక పాత టైరు.

అల్లుడికి కొండ మీద పూలమొక్కలు పెంచి అమ్మే తోట ఉంది. టైరుని పడుకోబెట్టి, మట్టి నింపి, అందులో మొక్క పెడితే ముచ్చటగా ఉంటుందని కూతురు ఎప్పుడో మాటవరసకి అంది. అంతే, అప్పటినుంచి వీలు చిక్కినప్పుడల్లా ఒక టైరు కొండ బండి నెత్తికెక్కేది. అందరి అమ్మలూ సారెలూ చీరెలూ పంపుతారు, మా అమ్మ టైర్లు పంపుతుంది అని కూతురు నవ్వేది. పారేసే వస్తువే కావచ్చు. కూతురు అడిగినదాన్ని లేదనకుండా ఇవ్వగలిగిన సుఖం ఆమెకు బతుకంతా కలిపి ఆ టైర్ల దగ్గరే దొరికింది.

గోనె ఎత్తింది. ఏటి బండి అద్దం ఎప్పుడూ అంతే, మైనం పూసినట్టు. ఏటిగట్టు దీపాల చుట్టూ ముసిరే పలచటి రెక్కల పురుగులు, పుట్టిన రోజే చచ్చేవి, జిగటగా అంటుకుపోయేవి. మెట్ట బండిది అలా కాదు. అక్కడిది పొడినేల. పెంకు పురుగులూ మిడతలూ గులకరాళ్ళలా వచ్చి కొట్టుకుని గోధుమరంగు చుక్కలు చేసేవి. కొండ బండిది మరో తీరు. తెల్లవారకముందే దీపాలు వేసుకుని పైనుంచి బయలుదేరుతుంది కాబట్టి, అరచేయంత రెక్కల చిమ్మటలు తగిలి అద్దం మీద వెండిపొడి చల్లినట్టుండేది. తడి ఎక్కడ ఆగుతుందో, చలి ఎక్కడ ఆగుతుందో పురుగుకి తెలుసు. ఆ గీత దాటి అడుగు పెట్టదు. అద్దాలక్క ఏ ఊరూ తిరగలేదు. ఊళ్ళే అద్దాలెక్కి ఆమె దగ్గరికి వచ్చేవి.

ఈ మధ్య మెట్ట బండి అద్దం కడక్కపోయినా ఫరవాలేదన్నట్టు వస్తోంది. అక్కడి చేలల్లో ఏవేవో మందులు కొడుతున్నారనీ, దారిపొడవునా పొదలు నరికేశారనీ కండక్టర్లు చెప్పుకున్నారు. డ్రైవర్లకు సంతోషం, నీ పని సులువైందక్కా అన్నారు. శుభ్రంగా వచ్చిన అద్దం ముందు గోనె పట్టుకుని నిలబడితే ఆమెకు మాత్రం చెయ్యి ముందుకు సాగేది కాదు. ఎప్పుడూ గోలగా ఉండే ఇంటికి వెళ్ళి తలుపు తడితే లోపల్నుంచి అలికిడి రానట్టుగా ఉండేది.

క్యాంటీన్ నడిపే వదిన టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. వరస కలిసిందో లేదో ఎవరికీ తెలియదు గానీ, పాతికేళ్ళుగా వదినా అంటే వదినా అనుకుంటున్నారు. వదిన గ్లాసు ఇస్తూ ఆమె వేళ్ళు తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏంటే ఈ చల్లదనం? జ్వరం దిగిందా, ప్రాణం దిగిందా?"

"రెండోది నీ టీ తాగాక చూద్దాంలే వదినా."

వదిన నవ్వలేదు. ఆసుపత్రికి పద, మనవణ్ణి రేపు చూడొచ్చు అని సణిగింది. జ్వరం ఉన్నప్పుడే వెళ్ళనిదాన్ని దిగాక ఎందుకు వెళతాను అని అద్దాలక్క కొట్టిపారేసింది. జ్వరం దిగడాన్ని ఆమె ఇంతకు ముందొకసారి నమ్మింది.

కూతురికన్నా ముందు ఆమెకొక కొడుకు. వాడికి అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చిన ఏడాది వీధి వీధంతా జ్వరాలు. ఆమెకూ వచ్చింది, లేచింది. వాడికి దిగిందని మురిసి, పాలల్లో పంచదార ఇంకో చెంచా వేసి తాగించింది. ఆ సాయంత్రమే వాడు పోయాడు. తరువాత అందరూ సూదులమ్మ అని పిలిచే నర్సు డిపోకి వచ్చి, టైర్ల కుప్పలోంచి దోసెడు నీళ్ళు తీసి చూపించింది. అందులో తోకలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడే పిల్లపురుగులు. చారల కాళ్ళ దోమ పిల్లలివి అంది. ఆ దోమ పట్టపగలే కుడుతుంది, జ్వరమున్నవాడి రక్తం తాగి ఆ జ్వరాన్ని పక్కవాడికి మోస్తుంది, జ్వరం దిగిన రోజే మనిషిని జాగ్రత్తగా కనిపెట్టుకోవాలి, ఒకసారి వచ్చినవాళ్ళకి రెండోసారి వస్తే మరీ చెడ్డది అని చెప్పింది. టైర్లో నీళ్ళు ఒంపేసినా లోపలి అంచున గుడ్లు అంటుకునే ఉంటాయట. నెలల తరబడి ఎండినా చావవట, తడి తగిలితే లేచి కూర్చుంటాయట. ఇవి లేనిచోటు లేదా తల్లీ అని అద్దాలక్క అడిగితే, సూదులమ్మ దూరంగా నీలంగా కనిపిస్తున్న కొండవైపు చెయ్యి చూపించింది. చలిలో ఇవి బతకవు, ఆ పైన ఒక్కటి ఉంటే చూపించు అంది.

ఆ చూపించిన వేలు అద్దాలక్క కంట్లో నిలిచిపోయింది. కండక్టరు మొగుడు అప్పటికే ఒకనాడు మెట్ట బండి ఎక్కి డ్యూటీకి వెళ్ళి అక్కడే ఇంకో కాపురంలో దిగిపోయాడు. చివరి స్టాపు అనుకున్నాడేమో అని ఆమే నవ్వేసేది, అడిగినవాళ్ళు ఇబ్బంది పడకుండా. ఉన్న ఒక్క కూతురు ఎదిగాక కింది నుంచి ఎన్ని సంబంధాలు వచ్చినా ఆమె ఒప్పుకోలేదు. కొండమీది అబ్బాయిని చూసి, ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు, మీ ఇంట్లో దోమతెర ఉందా అని అడిగింది. అదేంటి అన్నాడు వాడు. ఆ మాటకే పిల్లనిచ్చేసింది.

టీ గ్లాసు కింద పెట్టేలోపు ఫోను మోగింది. మనవరాలు. తల్లి ఫోను లాక్కుని చేసినట్టుంది, వగరుస్తోంది.

"అమ్మమ్మా, నువ్వు పంపిన టైర్లో చేపలు పుట్టాయి."

"చేపలా? ఎంతున్నాయే?"

"బుల్లివి. తల కిందికి పెట్టి వేలాడతాయి. నేను చప్పట్లు కొడితే లోపలికి పారిపోతాయి."

తోకకప్పలై ఉంటాయిలే, నేనొచ్చాక పేర్లు పెడదాం అని నవ్వింది అద్దాలక్క. కొండ మాట రాగానే ఆమె మనసు ఎప్పుడూ అంతే, భయాల్ని కిందే దింపేసి ఎక్కేది. కూతురు ఫోను తీసుకుని మట్టి పొయ్యని టైర్లు నాలుగైదు ఉన్నాయనీ, వానకు నిండాయనీ, ఈ పిల్ల పొద్దస్తమానం వాటిమీదే వాలి ఉంటోందనీ చెప్పింది. బొంత తెస్తున్నానంటే కిలకిలా నవ్వింది. బొంత ఎందుకమ్మా, ఈ ఏడు ఇక్కడ ఫ్యాను కొనాలనుకుంటున్నాం అంది.

ఫ్యాను. ఆ మాట ఆమె చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

పొద్దెక్కి ఎండ గచ్చు మీదికి పాకేసరికి కొండ బండి వచ్చింది. డ్రైవరు పొడుగాటి మనిషి, వంగి వంగి దిగుతాడు. అక్కా, మధ్యాహ్నానికి ముందు సీటు నీకే, వాంతి చేసుకుంటే మాత్రం అద్దం నువ్వే కడుక్కోవాలి అని వేళాకోళమాడి క్యాంటీన్‌వైపు నడిచాడు. అద్దాలక్క స్టూలెక్కింది. ఎక్కుతుంటే కడుపులో ఎవరో మెలిపెట్టి పిండినట్టయింది. కాసేపు అద్దానికి నుదురు ఆనించి నిలబడి, గోనె పరిచింది.

కొండ బండి అద్దాన్ని ఆమె మిగతావాటిలా ఒక్క తుడుపులో తుడిచేది కాదు. దాన్ని పొరలు పొరలుగా ఎత్తేది. మధ్యాహ్నం ఎక్కేటప్పుడు ఎండకు పురుగు పెద్దగా తగలదు, తగిలేదంతా తెల్లవారుజామున పైనుంచి కిందికి వచ్చేటప్పుడే. ముందు పైనున్న పురుగు తగులుతుంది, దాని మీద కొండ మలుపుల్లోని పురుగు, దాని మీద ఏటిగట్టు పురుగు. అందుకని గోనె మొదటిసారి ఎత్తితే వచ్చేది ఊరి పక్కది. మళ్ళీ తడిపి రెండోసారి ఎత్తితే మలుపుల దగ్గరిది. మూడోసారి ఎత్తితే అద్దాన్ని అంటిపెట్టుకున్న అడుగు పొర, అంటే కూతురి ఇంటి ముందు గాలి. ఆ వెండిపొడి వేలికి అంటుకుంటే ఆమె వెంటనే కడుక్కునేది కాదు. కూతురు క్షేమమని వచ్చిన కబురు అది.

రెండు పొరలు వచ్చాయి. మూడోసారి గోనె తడిపి, అద్ది, నాననిచ్చి, ఎత్తింది.

వెండిపొడి లేదు. ఒక్క చిమ్మట రెక్క లేదు. అడుగున, అద్దాన్ని అంటుకుని, మైనంలాంటి జిగట ఉంది. పలచటి రెక్కలు. ఏటిగట్టు పురుగు.

పొరలు తారుమారయ్యాయేమో అనుకుంది. అద్దం పై అంచున గోనె అందని చోట వేలితో గీకి చూసింది. అక్కడా అంతే. ఏడాదిగా వెండిపొడి పలచబడుతున్న సంగతి ఆమె ఎరుగును. చిమ్మటలు ఇంకా పైకి జరిగుంటాయిలే అని సరిపెట్టుకునేది. కింది వేడి పైకెక్కితే కిందివి పైకెక్కుతాయి, పైవి ఇంకా పైకి పోతాయి. కొండ అయిపోయాక అవి ఎక్కడికి పోతాయన్నది అంతవరకూ ఆమెకు తట్టలేదు. ఇప్పుడు స్టూలు మీద, చల్లబడ్డ చేతులతో, ఆ ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడింది.

వైపరు రబ్బరు ఎత్తింది. దాని కింద నలగకుండా ఒకటి ఉంది. నల్లటి చిన్న ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లటి చారలు.

డ్రైవరు మెడ గోక్కుంటూ వస్తుంటే పిలిచి చూపించింది. ఓ, ఇదా అన్నాడు అతను తేలిగ్గా. కిందివి కావివి, నిన్న సాయంత్రం పైన బండి ఆపుకుని తోటలో కూర్చుంటే చంపుకుతిన్నాయి, మీ మనవరాలి కాళ్ళ నిండా దద్దుర్లే అన్నాడు.

అప్పుడు లోపలికి దిగాయి అన్నీ. ఫ్యాను, చేపలు, తల కిందికి పెట్టి వేలాడేవి. తడి తగిలితే లేచి కూర్చునేవి. ఒక్కొక్క టైరునీ గుడ్డతో తుడిచి, పొడిగా ఉందని మురిసి, తన చేతుల్తోనే బండి మీదికెక్కించింది. ఇన్నేళ్ళూ చలి కాపలా కాసింది కాబట్టి పైన ఏమీ లేవలేదు. కాపలావాడు వెళ్ళిపోయాడు. ఎవరూ చెప్పలేదు.

ఆమె స్టూలు దిగి కాలువ గట్టున కూలబడింది. చాలాసేపు తన ముంజేతుల మీది ఎర్ర చుక్కల్ని చూసుకుంది. ఇవి సబ్బు చేసినవి కావు. ఒంట్లో జ్వరం దిగింది గానీ రక్తంలోంచి పోయిందో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడు తాను పైకి వెళితే, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంటే, పట్టపగలు ఆ చారలకాళ్ళది ముందు తన చేతి మీద వాలుతుంది. ఆ తరువాత ఒళ్ళోవాడి మీద వాలుతుంది. వాడు ఎంత ఉంటాడు? ఆ బొంత మూటంత ఉంటాడు.

లేచి క్యాంటీన్‌లోకి వెళ్ళింది. గోడ పట్టుకుని నడిచింది.

"వదినా, నీ దోమతెర ఇస్తావా?"

"కొండ మీద దోమతెర కట్టి ఎవర్ని ఆపుతావే, మబ్బుల్నా?"

వదిన ఆమె మొహం చూసి, ఇంకో మాట లేకుండా మంచం మీది తెర విప్పి మడత పెట్టింది. దాన్ని బొంత మూటలో పెట్టి మళ్ళీ ముడి వేశారు. ముడి బిగించడానికి అద్దాలక్క వేళ్ళకు పట్టు చాలలేదు, వదినే బిగించింది. నువ్వు వెళ్ళడం లేదా అని అడిగితే, ఆసుపత్రికి వెళదాం, బండి కదిలాక వెళదాం అంది అద్దాలక్క. ఇంతవరకూ ఆ మాట ఆమె నోట రాలేదు.

కూతురికి ఫోను చేసింది. జ్వరమని చెప్పకూడదనుకుంది. చెబితే పచ్చి బాలింత, చంకలో బిడ్డతో రేపు పొద్దున్నకల్లా కిందికి దిగుతుంది. నేరుగా ఈ టైర్ల మధ్యకే దిగుతుంది.

"సెలవు ఇవ్వలేదే."

"నెల రోజులైందమ్మా. అందరి అమ్మలూ పురుడు పోసి వెళ్ళారు. నువ్వు అద్దాలు తుడుచుకో."

"తుడుచుకుంటాను. ముందు నేను చెప్పేది విను. ఆ టైర్లన్నీ, మట్టి ఉన్నవీ లేనివీ, గొయ్యి తీసి పాతెయ్యమని మీ ఆయనతో చెప్పు. ఇవాళే. నీళ్ళు ఒంపేస్తే చాలదు. పిల్లదాన్ని వాటి దగ్గరికి పోనివ్వకు. తెర పంపిస్తున్నాను, బాబుని పగలు కూడా అందులోనే పడుకోబెట్టు."

"ఇచ్చినవాటిని పాతెయ్యమనడమేంటి? నా పూలు..."

"నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టడం ఆమెకు అలవాటు లేదు. కూతురు కోపంగానే సరేనంది. బాబు ఏడుస్తున్నాడని ఫోను పెట్టబోతుంటే, ఒక్కసారి వాడి దగ్గర పెట్టవే అని అడిగింది. సన్నగా, తెంపు లేకుండా, పిల్లి కూనలా ఏడుపు వినిపించింది. అద్దాలక్క ఫోను చెవికి నొక్కి పెట్టుకుని, లైను తెగిపోయాక కూడా అలాగే నిలబడింది.

మధ్యాహ్నం కొండ బండి కదిలేముందు డ్రైవరు టైరు ఎత్తబోతే ఆమె అడ్డం వచ్చింది. ఇది రాదు తమ్ముడూ, నేనూ రాను, మూట మాత్రం మా అమ్మాయి చేతికే ఇవ్వు అంది. అల్లుడితో గొడవా అక్కా అని అతను నవ్వాడు. పెద్ద గొడవే, టైర్ల మీద అంది. దోమలు కుట్టాయి కదా, నీకేమైనా జ్వరమొస్తే దిగిందని మురిసిపోకు, అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తు అని కూడా చెప్పింది. అతను విననట్టే తలూపి తలుపు వేసుకున్నాడు. ముందు సీటు ఖాళీగా వెళ్ళింది. కడిగిన అద్దంలో ఆకాశం తప్ప మరేమీ లేదు.

క్యాంటీన్ అప్పగించి వస్తాను, ఆటో పిలుస్తాను, ఇక్కడే ఉండు అని వదిన లోపలికి పరుగెత్తింది. అద్దాలక్కకు ఊరికే కూర్చోవడం తెలియదు. గేటు దగ్గరి టైరుని దొర్లించుకుంటూ గచ్చు మీదికి తెచ్చి పడుకోబెట్టింది. చిల్లులు పొడిస్తే నీళ్ళు నిలవవు కదా. మెకానిక్కు గదిలోంచి ఇనుప ములుకూ సుత్తీ తెచ్చుకుంది. ఒక దెబ్బ వేసింది. ములుకు రబ్బరులోకి కొంచెం దిగింది. రెండో దెబ్బకు చెయ్యి లేవలేదు. దప్పికగా అనిపించి కుళాయి తిప్పింది, గొట్టం చివర దోసిలి పట్టింది గానీ నీళ్ళు నోటిదాకా వెళ్ళలేదు. గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. ఎండ వెచ్చగా ఉంది. ఆమెకు మాత్రం చలిగా, కొండ మీద ఒకప్పుడు ఉండేదని చెప్పుకునేంత చలిగా ఉంది.

వదిన ఆటోతో వచ్చి, నిద్రపోయిందనుకుని ముందు మెల్లగానే పిలిచింది.

తరువాత మనుషులు చేరారు. ఎత్తుకుని తీసుకువెళ్ళారు. రెండు రంగుల చెప్పుల్ని ఎవరో వదిన చేతికిచ్చారు. సాయంత్రం ఎండ పచ్చబడేసరికి డిపో వెనక ఎవరూ మిగల్లేదు. మెట్ట బండి వచ్చి, కడిగే పని లేని అద్దంతో తన చోట తాను ఆగింది. కుళాయి కట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. గచ్చు మధ్యన టైరు, సగం దిగిన ములుకుతో అలాగే పడి ఉంది, గొట్టంలోంచి సన్నగా కారే నీళ్ళు దాని లోపలి అంచున చేరి నిలుస్తున్నాయి, నల్లటి ఆ అంచు మీద చారల కాళ్ళది ఒకటి వాలి, గుడ్లకు చోటు చూసుకుంటూ వెనక కాళ్ళు మెల్లగా పైకెత్తింది.